కనబడని నూలుపోగు

రాట్నం అనగానే లోకానికి జ్ఞాపకం వచ్చే ఛాయాచిత్రం ఒకటి ఉన్నది. అమెరికా దేశపు ఛాయాగ్రాహకురాలు మార్గరెట్ బూర్క్-వైట్ 1946లో పూనాలో తీసిన చిత్రమది. ముందుభాగాన రాట్నం నల్లని రూపుగా నిలిచి ఉంటుంది. దాని వెనుక, కిటికీ వెలుగులో, గాంధీజీ నేలమీద కూర్చొని కాగితాలు చదువుకొంటూ ఉంటారు. ఆమె ఫోటో తీయడానికి వెళ్లినప్పుడు, ముందుగా నూలు వడకడం నేర్చుకోవలెనని గాంధీజీ కార్యదర్శి షరతు పెట్టారు. ఆమె రాట్నం ముందు కూర్చొని పాఠం చెప్పించుకొన్న తరువాతనే కెమెరా తెరిచింది. అయినా ఆ చిత్రంలో రాట్నం తిరగడం లేదు. రాట్నం ఉన్నది, మహాత్ముడు ఉన్నారు. వడుకు మాత్రం లేదు.

ఇది ఆ చిత్రానికి లోపమని నేననను. ఒక జాతి చిహ్నంగా చూచినప్పుడు అది గొప్ప చిత్రమే. అయితే చిహ్నం వేరు, పని వేరు. పనిని ఛాయాచిత్రంలో పట్టుకోవడం ఎట్లాగన్నది ఈ విద్యను అభ్యసించే నా వంటివారికి ఎదురయ్యే ప్రశ్న. రెండు సంవత్సరాలుగా శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే స్త్రీలను చిత్రిస్తూ, మరొకవైపు నేటి కళాకారుల ప్రదర్శనలను పరిశీలిస్తూ నేను తెలుసుకొన్న సంగతులు కొన్ని మనవి చేస్తాను.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువారు అరుదు. అక్కినేని నాగేశ్వరరావుగారు ఇష్టపడి ధరించిన పంచె పొందూరు పంచె. కాని ఆ పంచె నూలుగా మారకముందు ఎన్ని చేతుల మీదుగా వస్తుందో కట్టుకొన్నవారికి సాధారణంగా తెలియదు. కొండపత్తిని గింజతోనే తీసుకొని, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడమీది సన్నని పళ్ల వరుస దువ్వెనవలె పనిచేసి, పత్తిలోని నలుసులను తీసివేసి, పోచలను ఒక వరుసకు తెస్తుంది. తరువాత గింజ తీయాలి, దూదిని వింటితో ఏకాలి, ఏకులు చుట్టాలి. ఆ ఏకులు మాసిపోకుండా ఎండిన అరటిపట్టలో పెట్టుకొని, ఒక్కొక్కటిగా తీసి ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు. చక్రానికి 24 ఆకులు. కుడిచేయి చక్రం త్రిప్పుతుంది, ఎడమచేయి ఏకును వెనుకకు లాగుతుంది. ఆ రెండు చేతుల పొందికలోనే నూలు పుడుతుంది.

ఈ నూలు ఎంత సన్నమో చెప్పడానికి కొంచెం లెక్క అవసరం. 840 గజాల నూలు ఒక కండె అనుకొంటే, ఒక పౌను బరువుకు ఎన్ని కండెలు తూగితే అది అన్నవ నంబరు నూలు. కాబట్టి 100వ నంబరు నూలంటే ఒక గ్రాము దూదినుండి సుమారు 169 మీటర్ల పోగు తీయడమన్నమాట. కిలో నూలును సాగదీసి పరిస్తే శ్రీకాకుళంలో బయలుదేరి విశాఖపట్నం దాటిపోతుంది. పోగు మందం మిల్లీమీటరులో సుమారు పదోవంతు. పొందూరు స్త్రీలు ఇటువంటి నూలును చేతితో, కంటి అంచనాతో వడుకుతారు.

కెమెరాకు చిక్కు ఇక్కడనే. ముడుతలు పడిన చేతులు, చక్రం, తెల్లని దూది, ఇవన్నీ సులభంగా చిత్రానికి లొంగుతాయి. పోగు లొంగదు. ఒకనాడు నేను తీసిన చిత్రాలు చూచి అక్కడి మామ్మ ఒకరు అన్నమాట ఇది: “సేతులు బాగానే అగుపడతన్నాయి పాపా. మరి నూలేదే?” ఆమె పుట్టుకతో విమర్శకురాలేమో అనిపించింది. వడికేవారికి చేతులు పనిముట్లు. వారి కన్ను ఎప్పుడూ పోగుమీదనే. చూడవచ్చినవారి కన్నేమో చేతుల మీద. ఈ రెండు చూపులకూ నడుమ ఉన్న దూరమే నా పనికి విషయమైనది.

పోగును చూపాలంటే వెలుగును వెతుక్కోవాలి. ఎదురుగా పడే వెలుగులో అది మాయమవుతుంది. వెనుకనుండి, ఒక ప్రక్కగా, సగం మూసిన తలుపు సందునుండి వచ్చే వెలుగులో, వెనుక చీకటిగోడ ఉన్నప్పుడు మాత్రమే అది వెండిగీతవలె మెరుస్తుంది. ఉదయం కొద్దిసేపు ఆ వెలుగు దొరుకుతుంది. ఇక కాలం సంగతి. సెకనులో అయిదువందలవ వంతు వేగంతో తీస్తే చక్రం ఆకులు ఇరవైనాలుగూ లెక్కపెట్టవచ్చు. కాని రాట్నం ఆగిపోయినట్లుంటుంది. సెకనులో నాలుగోవంతు తెరిచి ఉంచితే చక్రం పొగమంచువలె అవుతుంది, ఎడమచేయి ఒక తెల్లని చారగా సాగుతుంది, ముఖం ఒక్కటే నిశ్చలంగా నిలుస్తుంది. ఇందులో ఏది నిజం? రెండూ నిజమే. మొదటిది పనిముట్టును చెబుతుంది, రెండవది పనిని చెబుతుంది. అందుచేత నా చిత్రాలను ఒంటరిగా కాక జంటలుగా కూర్చుకొన్నాను.

మా ప్రాంతానికి చిత్రకళ క్రొత్తది కాదు. వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో జన్మించినవారు. అంట్యాకుల పైడిరాజుగారు విజయనగరంలో ఎందరికో చిత్రకళ నేర్పినవారు. చిత్రకారుడు తన ఊహలోని స్త్రీకి తాను కోరిన వంపు, తాను కోరిన రంగు ఇవ్వవచ్చు. ఛాయాగ్రాహకునికి ఆ స్వేచ్ఛ లేదు. అతని ఎదుట ఉన్నది పేరు, ఊరు, ఇల్లు, మాట ఉన్న మనిషి. ఆ మనిషి తన బొమ్మను చూచి ఏమంటుందో వినవలసిన బాధ్యత అతనికి ఉన్నది. ఈ బాధ్యతను నేటి కళాకారులు కొందరు ఎట్లా నెరవేర్చుతున్నారో చూచినప్పుడు నాకు ధైర్యం కలిగినది.

వారిలో గౌరీ గిల్ ఒకరు. ఆమె 1999నుండి రాజస్థాన్ ఎడారిపల్లెలలో చిత్రాలు తీస్తూ వస్తున్నారు. 2003లో లూణ్‌కరణ్‌సర్‌లో ఆడపిల్లల కొరకు జరిగిన బాలికా మేళాలో ఆమె ఒక గుడారంలో చిన్న స్టూడియో పెట్టారు. ఎవరు ఎట్లా నిలబడాలో, ఏ వస్తువు పట్టుకోవాలో, ఎవరి ప్రక్కన కూర్చోవాలో ఆ పిల్లలే నిర్ణయించుకొన్నారు. ఆ చిత్రాలలో ఎడారి కనబడదు, పేదరికం ప్రదర్శనకు రాదు; తాము ఎట్లా కనబడగోరుతున్నారో ఆ పిల్లల ముఖాలే చెబుతాయి. ఎడారిలో తీసిన చిత్రమాలకు 2023లో ప్రీ పిక్టే బహుమానం లభించినది. ఒక పనికి ఇరవై సంవత్సరాలకు పైగా కట్టుబడి ఉండటమే నాకు అన్నిటికన్న పెద్ద పాఠం.

దయానితా సింగ్ మార్గం వేరు. ఆమె తన చిత్రాలను గోడలకు శాశ్వతంగా తగిలించరు. మడిచి తెరవగల పెద్ద కొయ్య చట్రాలలో అమర్చి, వాటికి మ్యూజియములని పేరు పెట్టారు. లోపలి చిత్రాలను మార్చవచ్చు, వరుస మార్చవచ్చు; వరుస మారితే కథ మారుతుంది. కచేరీలలో గుడ్డమూటలుగా పేరుకొన్న దస్తావేజులను చూపే మ్యూజియము కూడా వాటిలో ఒకటి. 2017లో వెలువడిన ‘మ్యూజియం భవన్’ అనే ఆమె పుస్తకం ఒక పెట్టె. అందులో మడతలుగా విప్పుకొనే చిన్న పుస్తకాలు తొమ్మిది ఉంటాయి. వాటిని ఏ ఇంటివారైనా బల్లమీద పరచుకొని తామే ప్రదర్శన పెట్టుకోవచ్చు.

ప్రదర్శన జరిగే చోటుకూడా మారుతున్నది. 2016లో చెన్నైలో ప్రారంభమైన ఫోటో బియన్నాలే తొలి ప్రదర్శనలో చిత్రాలను తిరువాన్మియూరు రైలుస్టేషనులోనూ ఉద్యానవనాలలోనూ ఉంచారు. టిక్కెట్టు కొని రైలెక్కబోయే మనిషి ఒక నిమిషం ఆగి బొమ్మ చూస్తాడు. హైదరాబాదులో 2015నుండి జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌లో దేశదేశాల చిత్రాలను చూచి తిరిగివస్తున్నప్పుడు నాకు తోచిన ఆలోచన ఇది: నగరంలోని ప్రదర్శనశాల మెప్పు మంచిదే; కాని పొందూరు చిత్రాలకు తొలి ప్రదర్శనశాల పొందూరే కావలెను.

ఆ విధంగానే చేశాము. ఒక ఇంటి వసారాలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో చిత్రాలు తగిలించాము. వరుస నిర్ణయించే పని వడికే స్త్రీలకే అప్పగించాను. పత్తితో మొదలుపెట్టి నూలు చిలప వరకూ వారు చకచక అమర్చారు. నగరంలో చూచినవారందరూ మెచ్చుకొన్న ఒంటిచేతి చిత్రాన్ని తీసి ప్రక్కన పెట్టారు. ఎవరి చేయో తెలియని చేయి ఎందుకని వారి అభిప్రాయం. తలుపు సందు వెలుగులో పోగు మెరిసిన చిత్రానికి నడుమ చోటిచ్చారు. చివర చిలప దగ్గర కొంత తాడు ఖాళీగా వదిలివేశారు. అక్కడ తూకం బొమ్మ రావాలి, పుస్తకంలో కూలి రాసే బొమ్మ రావాలి అన్నారు. చిలప లెక్కన కూలి వస్తుంది కనుక, తూకం లేని కథ వారికి పూర్తి కథ కాదు. ఆ రెండు చిత్రాలూ ఆ తరువాత తీశాను. అందమంటూ ఏమీ లేని చిత్రాలవి: ఒక త్రాసు, ఒక పుస్తకం, పద్దుమీద ఉంచిన వేలు. అవి లేకుంటే మిగిలిన చిత్రాలన్నీ అలంకారాలయ్యేవి.

ఈ విద్య నేర్చుకోవడానికి వచ్చే యువతులు నేడు తగ్గుతున్నారు. రోజంతా వడికినదానికి దక్కే ప్రతిఫలం చూచినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఛాయాచిత్రం ఒక వృత్తిని నిలబెట్టలేదు. ఆ పని గిట్టుబాటు కూలి వల్ల, కట్టుకొనేవారి ఆదరణ వల్ల జరగవలసినది. కాని వాలుగ దవడను ఏ కోణంలో పట్టాలో, ఏకును ఎంత లాగి ఎక్కడ ఆపాలో రేపు ఒక అమ్మాయి నేర్చుకోగోరినప్పుడు, ఆమెకు ఉపయోగపడేటట్లు చిత్రం తీయవచ్చు. ఆ దృష్టితోనే ఇప్పుడు ఒక్కొక్క దశనూ వరుసగా మళ్లీ చిత్రిస్తున్నాను. ప్రతి చిత్రం ప్రతి ఒకటి అందులో ఉన్నవారి ఇంటికి వెళుతుంది. ప్రదర్శనలో ప్రతి చిత్రం క్రింద, వారు అంగీకరించిన మేరకు, వడికినవారి పేరు మొదట ఉంటుంది. తీసినవారి పేరు ఆ తరువాత.