ఎందుకైనా మంచిదని రాయకండి

నాది నెక్కొండ. ఈ కాకతీయ మెడికల్ కాలేజీలోనే చదివాను, నవజాత శిశువుల వార్డులో తల నెరిసింది. అందుకే ఇవాళ పట్టాలు అందుకున్న మీకు, నాకు బాగా తెలిసిన ఒక్క సంగతే చెబుతాను.

మా ఊరి వైపు నుంచే ఒక బిడ్డ వచ్చింది. 28 వారాలకే పుట్టింది, బరువు 900 గ్రాములు. రిఫరల్ చీటీ నిండా యాంటీబయాటిక్‌ల పేర్లే. బ్లడ్ కల్చర్ ఊసే లేదు. బిడ్డ మాటిమాటికీ ఊపిరి ఆపేస్తోంది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, షుగర్ పెరుగుతోంది. వెన్నునీరు తీస్తే తేటగా వచ్చింది, కణాల లెక్కా మామూలే. మాడు మీద ప్రోబ్ పెట్టి చూస్తే మెదడులో అక్కడక్కడా చీముగడ్డలు. రక్తంలో క్యాండిడా పెరిగింది. నెలలు నిండని పిల్లల్లో ఈ ఫంగస్ మెదడుకు పాకినా వెన్నునీరు మామూలుగానే కనిపించవచ్చు. దాన్ని చూసి ధీమా పడొద్దు.

సెంట్రల్ లైన్ తీసేసి యాంఫోటెరిసిన్ బి మొదలుపెట్టాం. దాన్ని డెక్స్ట్రోస్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే విరుగుతుంది. పొటాషియం, క్రియాటినిన్ చూసుకుంటూ, స్కాన్‌లో గడ్డలు పోయేదాకా వారాల తరబడి ఇచ్చాం. బిడ్డ దక్కింది. ఒక కాలు మాత్రం బిగుసుకుపోయింది, ఇప్పటికీ ఫిజియోథెరపీకి తీసుకొస్తున్నారు.

యాంటీబయాటిక్ ఫంగస్‌ను చంపదు. పేగులో దాన్ని అదుపులో పెట్టే బ్యాక్టీరియాను చంపి, దానికి చోటిస్తుంది. అలాగని ఆ మందులు చెడ్డవి కావు. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతి లోకానికి తెలిసినప్పుడు, దాన్ని తెచ్చిన అమెరికా కంపెనీ లెడర్లీలో పరిశోధనలు నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అలాంటివాళ్లు జీవితాలు ధారపోసి తెచ్చిన మందుల్ని మీరేం చేస్తున్నారు? రౌండ్స్‌లో అడుగుతాను, 'మెరోపెనెం ఎందుకు రాశావు నాయనా?' అని. 'ఎందుకైనా మంచిదని సార్' అంటారు. ఎవరికి మంచిది? ఆ బిడ్డకా, మీ భయానికా? కోపం కాదు పిల్లలూ, ఆ కాలు చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోయి అడుగుతున్నాను.

మీలో కొందరు రేపు జిల్లా ఆసుపత్రుల ఎస్‌ఎన్‌సీయూల్లో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో, చేరతారు. చేరిన రోజే కల్చర్ బాటిళ్లు ఉన్నాయేమో చూడండి, లేకపోతే ఇండెంట్ పెట్టించండి. మొదటి డోసు పడకముందే రక్తం తీసి పంపండి. 48 గంటలకు ఏమీ పెరగక, బిడ్డ కూడా బాగుంటే, ధైర్యంగా యాంటీబయాటిక్ ఆపేయండి.