లెక్కలు వచ్చిన బిడ్డకు మరొక దారి
(ముంబయి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇందాక పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో అందరమూ చెవియొగ్గి విన్నాము. అటువంటి లెక్కనే వేరొక తీరున వేసే ఆక్చువరీ వృత్తిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఫలానా మనిషి ఎప్పుడు పోతాడో ఆక్చువరీ చెప్పలేడు. కాని నలభై యేండ్లవారు లక్షమంది ఉంటే, ఏడాదిలో సుమారు ఎందరు పోతారో మరణ పట్టికనుబట్టి లెక్క కట్టగలడు. 1693లో ఎడ్మండ్ హేలీ బ్రెస్లా నగరపు జనన మరణాలనుబట్టి అట్టి పట్టిక తయారుచేశాడు. ప్రీమియం మరీ తక్కువ పెడితే రేపు ఇల్లాలికి సొమ్ము దక్కదు. మరీ ఎక్కువైతే బీదవాడు బీమా చేయలేడు. ఆ నడిమి అంకె తేల్చడమే ఈ విద్య.

విశ్వవిద్యాలయంలో సంభావ్యత, గణాంకశాస్త్రం, చక్రవడ్డీ, అర్థశాస్త్రం నేర్పుతారు. కాని పట్టాతోనే పని తీరదు. 2006 నాటి చట్టం క్రిందనున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్చువరీస్ ఆఫ్ ఇండియావారి పరీక్షలన్నీ గట్టెక్కి ఫెలో కావాలి. పన్నెండవ తరగతి కాగానే వారి ప్రవేశ పరీక్ష 'ఏసెట్' వ్రాయవచ్చును. తరువాతి పరీక్షలకు ఏండ్లు పడుతుంది. ఉద్యోగం చేస్తూనే చాలామంది వ్రాస్తారు. ఒకటి తప్పగానే ఇంటివారు దెప్పితే చదువు అక్కడే ఆగిపోతుంది.

జీవిత, ఆరోగ్య, వాహన బీమాలు, పింఛను నిధులు, గ్రాట్యుటీ మదింపు — అన్నిటా వీరికి పని ఉన్నది. ఎల్.ఐ.సి. ప్రధాన కార్యాలయం మన ముంబయిలోనే. బీమా నియంత్రణ సంస్థ హైదరాబాదులో.

లెక్కలంటే మక్కువగల అమ్మాయి గాని, అబ్బాయి గాని మీ ఇంట ఉంటే, ఇంజనీరింగు, డాక్టరీలతోపాటు ఈ మాటా చెవిని వేయండి. పరీక్ష తప్పిన నాడు వెన్ను తట్టండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.