వందనం నుంచి హక్కు దాకా

అధ్యక్షురాలికి, తోటి కార్యకర్తలకు, అక్కచెల్లెళ్లందరికీ వందనాలు.

'వందనాలు' మా క్రైస్తవ పల్లెల మాట. మా అమ్మమ్మ ఊళ్లోకి వెళితే "దండాలయ్యా" అని పక్కకి తప్పుకునేది. ఆ దండానికి జవాబు ఉండేది కాదు. పల్లెలో మాత్రం పాస్టరుగారికైనా, పక్కింటామెకైనా వందనాలే. అవతలివాళ్లు కూడా తిరిగి అదే మాట చెప్పాలి. జవాబు దక్కే పలకరింపులోకి రావటం మా ఆడవాళ్లకి చిన్న ప్రయాణం కాదు. ఆ విశ్వాసం దళిత స్త్రీకి ఏ గుర్తింపునిచ్చింది, అది ఎక్కడ ఆగిపోయింది అన్నది ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం.

"గింజల కోసం మతం మారారు" అని మమ్మల్ని తేలిగ్గా అనేస్తారు. మా ఒంగోలు చరిత్ర వేరే చెబుతుంది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కానీ కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అవసరం తీరాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం గుంపుకి ఇచ్చేది కాదు, ఒక్కొక్కరికి ఇచ్చేది. "ఏమే, ఒసే" అన్న పిలుపులు తప్ప ఎరగని స్త్రీకి తనకంటూ ఒక పేరుండటం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

తర్వాత అక్షరం వచ్చింది. చదవటం నేర్చుకుని, పుస్తకం చేతబట్టుకుని పల్లెపల్లెకీ తిరిగిన బైబిలు స్త్రీలు మా ప్రాంతంలో కూలి కాక జీతం అందుకున్న తొలితరం దళిత స్త్రీలలో ఉన్నారు. వాళ్లని ఏ మహిళా ఉద్యమ చరిత్రలోనూ మనం సరిగ్గా రాసుకోలేదు.

అయితే పితృస్వామ్యం చర్చి గుమ్మం బయటే ఆగలేదు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, ఒక స్త్రీ బిషప్పు కావటానికి 2013 దాకా పట్టింది. నంద్యాలలో పుష్పలలితగారు ఆ పదవిలోకి వచ్చారు. 1869 నాటి విడాకుల చట్టం కింద భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య మాత్రం దానికితోడు క్రూరత్వమో, వదిలివేయటమో కూడా రుజువు చేయాలి. ఆ తేడా పోయింది 2001లో.

ఇక కులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాకు బి.సి. - సి గ్రూపు, ఒక్క శాతం రిజర్వేషను. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన నిబంధన తీసేయమంది. అది అమలు కాలేదు. క్రైస్తవులైనవారికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో చెప్పింది. మతం మారినా ఊరు మాత్రం మా వాడని మాలపల్లి, మాదిగపల్లి అనే పిలుస్తోంది!

అందుకే మాకు రెండేసి పేర్లు. నాకూ ఉన్నాయి. ప్రార్థనలో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి. ఈ దాపరికం బరువు ఎక్కువగా ఎవరి మీద పడుతోంది? నేను పనిచేసే పల్లెల్లో చాలా పెళ్లిళ్లు పాస్టరుగారే చేస్తారు, కానీ రిజిస్టరులో రాయించరు. రాయిస్తే కులం సర్టిఫికెట్ పోతుందని భయం. భర్త వదిలేసిన రోజున పెళ్లి జరిగిందని రుజువు చేసుకోవాల్సింది ఆమె. కాగితం ఉండదు. పిల్లల చదువు కోసం మౌనంగా ఉన్న తల్లికి ఆ మౌనమే శత్రువవుతుంది.

మిత్రులారా, మీకు మూడు మాటలు చెబుతాను. ఒకటి, క్రైస్తవ దళిత స్త్రీ మీ ఆఫీసుకి వస్తే "మతం ఎందుకు మారావు" అని అడగకండి. ఆమె మోసపోయిన మనిషి కాదు, ఆలోచించుకున్న మనిషి. రెండు, పెళ్లి ఫొటోలు, సాక్షుల పేర్లు, పాస్టరుగారి సంతకం ముందే భద్రపరచుకోమని ప్రతి సంఘంలోనూ చెప్పండి. మూడు, 1925 వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే తండ్రి ఆస్తిలో క్రైస్తవ కూతురికి కొడుకుతో సమానవాటా ఉంది. స్త్రీల సమాజం కూడికల్లో ఈ మాట చెప్పించండి.

దేవుని ముందు సమానులమన్న మాటని మేం మనస్ఫూర్తిగా నమ్మాం. ఆ మాటని చర్చి కమిటీలోనూ, తహసీల్దారు కార్యాలయంలోనూ, కోర్టులోనూ కూడా నిలబెట్టమని అడుగుతున్నాం. విశ్వాసాన్నీ హక్కునీ ఎదురెదురుగా పెట్టి, ఏదో ఒకటే ఎంచుకోమనటం న్యాయం కాదు. రెండూ మావే.