గ్లాసు ఎవరి చేతిలో వుంది?



వేసవి సెలవులు వస్తున్నాయంటే మనలో చాలామందికి సగం సంతోషం, సగం దిగులు. పిల్లలు ఇంటిపట్టున వుంటారన్నది సంతోషం. పొద్దస్తమానం ఇంటిపట్టునే వుంటారన్నది దిగులు! పోనీ నాలుగు రోజులు ఎక్కడికైనా వెడదామా అంటే, వెళ్ళిన చోట కూడా వండి వార్చవలసింది మనమే అయితే ఇక అది ఎవరికి సెలవు? మీలో ఎంతోమంది ఈ మాట అనుకునే వుంటారు. నేనూ అనుకున్నాను. దానికి జవాబు నాకు ఏ హోటల్లోనూ దొరకలేదు సుమండీ, ఓ అడవిలో, గుడారంలో దొరికింది. దానితోపాటు అంతకంటే పెద్ద పాఠం ఇంకొకటి కూడా దొరికింది. ఆ రెండూ మీ చెవిన వేద్దామని వచ్చాను.

మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో వుంటున్నారు. 2019 వేసవిలో నేనూ మావారూ వాళ్ళ దగ్గరకి వెళ్ళాం. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మనవడికి నాలుగు. జూన్ నెలాఖరున ఓ రోజు మా అమ్మాయి, "అమ్మా, శుక్రవారం యోసెమిటీ వెడుతున్నాం. రెండు రాత్రులు గుడారంలో పడుకోవాలి" అంది. "ఇల్లూ వాకిలీ వుండగా గుడారమేమిటే, సర్కసు వాళ్ళలాగా?" అన్నాను. "చోటు కోసం ఫిబ్రవరి 15న పొద్దున్నే లేచి కూర్చున్నానమ్మా" అంది. అక్కడ గుడారం వేసుకునే స్థలం ఐదు నెలల ముందే కంప్యూటరులో పట్టుకోవాలి. ఉదయం ఏడింటికి తలుపు తెరుస్తారు, కొద్ది నిమిషాల్లో స్థలాలన్నీ అయిపోతాయి. తిరుపతి దర్శనం టిక్కెట్ల కోసం కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్కో స్థలంలో ఆరుగురికి మించి వుండకూడదు. మేము సరిగ్గా ఆరుగురం.

యోసెమిటీ అన్నది కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా కొండల మధ్యనున్న నేషనల్ పార్కు. పార్కు అనగానే మన మునిసిపాలిటీ పార్కూ, సిమెంటు బెంచీలూ ఊహించుకోకండి. అది మహారణ్యం. అందులోని లోయనీ, మహావృక్షాల తోపునీ కాపాడాలని 1864లోనే అధ్యక్షుడు లింకన్ చట్టం మీద సంతకం చేశాడు. చుట్టుపక్కల అడవి 1890లో నేషనల్ పార్కు అయింది. ఆ చరిత్రలో చేదు కూడా వుంది. ఆ లోయలో తరతరాలుగా వున్న అవానీచీ అనే ఆదివాసులను 1851లో సాయుధదళం వెళ్ళి తరిమింది. అడవి అందం చూసి మురిసేటప్పుడు ఆ మాట కూడా పిల్లలకి చెప్పాలి. మా మనవరాలు అడిగింది, మేము చెప్పాం.

కొండ సొరంగం దాటి బయటికి రాగానే లోయంతా ఒక్కసారి కళ్ళెదుట పడుతుంది. ఎడమ వైపు ఎల్ కాపిటన్ అనే ఒకటే రాతి కొండ, లోయ అడుగునుంచి సుమారు 3,000 అడుగులు నిలువుగా లేచి వుంటుంది. కుడి వైపు జలపాతం, దూరంగా సగానికి కోసిన బొరుగుండలా హాఫ్ డోమ్. మావారు రైల్వేలో స్టేషను మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఏది చూసినా ఓ పట్టాన మెచ్చుకోరు. ఆయన కూడా టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

మా స్థలంలో ఓ చెక్కబల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప కట్టు, పెద్ద ఇనప పెట్టె వున్నాయి. కుళాయీ, మరుగుదొడ్లూ కాస్త నడిస్తే వున్నాయి. స్నానానికి మటుకు వేరే చోటికి పోవాలి. ఇనప పెట్టె ఎందుకా అనుకున్నాను. అది ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోవడానికట! తిండి సామాన్లన్నీ అందులో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. ఒక్క తిండేనా? సబ్బూ, పళ్ళపొడీ, ముఖానికి రాసుకునే క్రీములూ, వాసన వచ్చే ప్రతీదీ. రాత్రిపూట కారులో కూడా తిండి వుంచకూడదు, కారు తలుపులు పీకేస్తాయి. అలా వుంచితే జరిమానా వేస్తారు. నేను ఎంతో ప్రేమగా పట్టుకెళ్ళిన ఆవకాయ సీసాని కూడా అల్లుడు అందులో పెట్టి, "అత్తయ్యగారూ, దీని వాసన పక్క కొండ దాకా పోతుందండీ" అన్నాడు.

అయితే ఆ నియమం మన కోసం మాత్రమే కాదు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు అడవిలో మేత వెతుక్కోవడం మానేసి మనుషుల మధ్యకి వస్తుంది. భయం పోతుంది, పోట్లాటకి దిగుతుంది. చివరికి దాన్ని చంపవలసి వస్తుంది. అంచేత మనం పెట్టె మూయడం మరిచిపోతే ఆ మూగజీవానికి ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట చెప్పాక మా చిన్నవాడు రెండు రోజులూ గొళ్ళెం పడిందో లేదో తడిమి చూస్తూనే వున్నాడు. పిల్లలకి "చెయ్యకు" అనడం కంటే "ఎందుకు చెయ్యకూడదో" చెబితే ఎక్కువ పట్టుకుంటుందని మీకూ అనుభవమే కదా.

మొదటి సాయంత్రం మా అమ్మాయి పూరీలు మొదలుపెట్టింది! చిన్న గ్యాసు పొయ్యి, గాలి, దోమలు. పిండి కలిపి, ఒత్తి, వేయించి, గిన్నెలు తోమి, మిగిలినవి పెట్టెలో సర్దేసరికి రాత్రి తొమ్మిదయింది. పిల్లలు నిప్పు చుట్టూ కూర్చుని తాతయ్య చెప్పే కథ వింటుంటే, వాళ్ళమ్మ మాత్రం కుళాయి దగ్గర వుంది. అక్కడ వేసవిలో సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకే నిప్పు వేసుకోనిస్తారు. తను వచ్చి కూర్చునేసరికి ఆర్పే వేళయింది. "నువ్వు ఫిబ్రవరిలో తెల్లారగట్ల లేచింది ఇందుకేనటే?" అన్నాను. అది నవ్వింది కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. పొద్దున్న అటుకుల ఉప్మా, మధ్యాహ్నం మంచుపెట్టెలోని పెరుగుతో అన్నం, రాత్రికి ఇంటి నుంచి తెచ్చిన చపాతీలూ ఆవకాయా. ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి, మావారితో సహా! నలభై ఏళ్ళ కాపురంలో ఆయన పళ్ళెం కడగడం అక్కడే చూశాను. మీరు పిల్లలతో ఎక్కడికి వెళ్ళినా ఇది గుర్తుంచుకోండి. వంట తగ్గితే సెలవు పెరుగుతుంది. పిల్లలు పూరీలు లేవని ఏడవరు, అమ్మ పక్కన లేదని ఏడుస్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను.

రెండో రోజు పొద్దున్న పదింటికి మెర్సెడ్ నది ఒడ్డుకి వెళ్ళాం. లోయ మధ్యగా పారుతుంది. జూన్‌లో పైన కొండల మీద మంచు కరిగి వస్తుంది కనక నిండుగా వుంటుంది. పైకి చూస్తే అద్దంలా వుంది. అడుగున గులకరాళ్ళు లెక్క పెట్టొచ్చు. మా అమ్మాయి ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తోంది. అల్లుడు ఫొటో తీస్తున్నాడు. మావారు రాతి మీద కూర్చుని బూటులో ఇసక దులుపుకుంటున్నారు. నేను కొండ కేసి చూస్తున్నాను. నలుగురు పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు. ఇంకేం భయం?

చిన్నవాడు పాలు తాగిన స్టీలు గ్లాసు కడుక్కుందామని నీళ్ళ దగ్గరకి వెళ్ళాడు. ఎవరి గ్లాసు వాళ్ళే కడుక్కోవాలని పొద్దున్న నేనే కదా చెప్పింది! తడిరాయి మీద కాలు జారింది. "అమ్మా!" అని కేక వినపడి తిరిగేసరికి, మనవరాలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుని వుంది. వాడు నడుం దాకా నీళ్ళలో వున్నాడు. అల్లుడు బూట్లతోనే దూకి ఇద్దరినీ లాగాడు. మరి రెండడుగుల అవతల నీళ్ళు ఎలా లాక్కుపోతున్నాయో అప్పుడు చూశాను. ఓ కర్రముక్క మా కళ్ళ ముందే గిర్రున తిరుగుతూ కనుమరుగైపోయింది.

అంతా అర నిమిషం కూడా పట్టలేదు. వాడి పెదాలు నీలంగా అయిపోయాయి. మంచు కరిగిన నీళ్ళు మరి. తడిబట్టలు విప్పేసి, పొడి తువ్వాలుతో తుడిచి, వాళ్ళమ్మ శాలువాలో చుట్టి గుండెలకి అదుముకుంది. కాసేపటికి వణుకు తగ్గింది. అప్పుడు మొదలైంది మా పెద్దవాళ్ళ వణుకు. "మీరు చూస్తున్నారనుకున్నాను", "నువ్వు దగ్గరే వున్నావుగా అనుకున్నాను". అందరం ఆ మాటే అన్నాం. మంత్రసానులెక్కువై బిడ్డ అడ్డం తిరిగిందన్నట్లు, నలుగురున్నాం కనకనే ఒక్కరం కూడా చూడలేదు. ఒంటరిగా వుంటే నేను కొండ కేసి చూసేదాన్నా? ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మావారు నెమ్మదిగా ఆ స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకుని ఇలా అన్నారు: "మా రోజుల్లో సింగిల్ లైను మీద టోకెను చేతికి ఇవ్వందే డ్రైవరు బండి కదిపేవాడు కాదు. టోకెను ఒక్కటే, బండీ ఒక్కటే. ఎవరో చూసుకుంటార్లే అనడానికి వీల్లేదు. ఇదిగో, ఇదీ మన టోకెను. ఇది ఎవరి చేతిలో వుంటే వాళ్ళే పిల్లల్ని చూడాలి. ఇంకో పని చెయ్యకూడదు. ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్ళు 'తీసుకున్నాను' అన్నాకే వదలాలి."

వినడానికి నవ్వొస్తోంది కదూ? కానీ ఆ గ్లాసు మా ప్రయాణాన్ని మార్చేసింది. అరగంట నా వంతు, అరగంట అల్లుడి వంతు. గ్లాసు పట్టుకున్నవాళ్ళు ఫోను చూడరు, కబుర్లలో పడరు. తక్కినవాళ్ళు నిజంగా విశ్రాంతి తీసుకుంటారు. మా అమ్మాయి ఆ మధ్యాహ్నం చెట్టు కింద దుప్పటి పరుచుకుని గంటసేపు నిద్రపోయింది. పిల్లలు పుట్టాక పగటిపూట అలా నిద్రపోవడం అదే మొదటిసారట! చూశారూ, నేను వెతుకుతున్న సెలవు అప్పుడు దొరికింది. అమ్మకి సెలవు కావాలంటే చోటు మారితే చాలదు. "ఇప్పుడు నేను చూస్తున్నాను, నువ్వు పడుకో" అని ఒకరు నోటితో అనాలి.

మూడో రోజు తిరుగు ప్రయాణంలో మారిపోసా తోపుకి వెళ్ళాం. అక్కడ సెకోయా చెట్లున్నాయి. వాటిలో గ్రిజ్లీ జయంట్ అనే చెట్టు వయసు దాదాపు 3,000 సంవత్సరాలు. ఆ చెట్ల కాయలు చాలాకాలం మూసుకునే వుండి, నిప్పు వేడికి విచ్చుకుని గింజలు రాలుస్తాయట. మాడిన మచ్చలతోనే ఆ చెట్టు నిలబడి వుంది. మా మనవరాలు ఓ పుస్తకంలో లెక్కలూ బొమ్మలూ పూర్తిచేసి, దోవలో చెత్త ఏరి, రేంజరమ్మ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేసి జూనియర్ రేంజరు బిళ్ళ పుచ్చుకుంది. తమ్ముణ్ణి పట్టుకున్న చేతులకి ఆ బిళ్ళ ఏపాటిది అనుకున్నాను నేను మనసులో.

"అమెరికా కబుర్లు మాకెందుకండీ" అంటారేమో. మన అడవుల్లో ఇష్టం వచ్చిన చోట గుడారం వెయ్యనివ్వరు, నిజమే. కానీ కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకి మీరు వెడతారు. గోదావరి ఘట్టానికో, కృష్ణ ఒడ్డుకో, సముద్రానికో పిల్లల్ని తీసుకువెడతారు. పదిమంది పెద్దవాళ్ళుంటారు. ఒకరు పులిహోర వడ్డిస్తూ వుంటారు, ఒకరు పేకాటలో వుంటారు, అందరూ ఫొటోల్లో వుంటారు. ప్రమాదం అరుస్తూ రాదమ్మా. గ్లాసు కడుక్కునేంత చప్పుడుతో వస్తుంది.

అంచేత నా మాట విని, బయల్దేరేటప్పుడు సంచిలో ఓ గ్లాసు పెట్టుకోండి. గ్లాసే అక్కర్లేదు, రుమాలైనా, తాళంచెవుల గుత్తి అయినా సరే. నీళ్ళ దగ్గరకి చేరగానే ఒక్క ప్రశ్న అడగండి: "ఎవరి చేతిలో వుంది?" ఆ గ్లాసు ఎప్పుడూ మీ చేతిలోనే వుండిపోకుండా కూడా చూసుకోండి. నాన్నగారికీ, తాతగారికీ, బాబాయికీ, అందరికీ చేతులున్నాయి.

మా గ్లాసుకి ఓ పక్క చిన్న సొట్ట పడింది, ఆ రాయి తగిలి. ఇప్పుడది మా ఇంట్లో దేవుడి అరలో వుంది. పండక్కి పిల్లలొస్తే కిందికి దిగుతుంది.