జొన్నదంటు బండి



ఎండాకాలం వచ్చింది. బడికి సెలవులు. పాణ్యంలో మిట్టమధ్యాహ్నం కాలు బయట పెట్టేదానికి లేదు. అయినా పిల్లోళ్ళు ఇంట్లో ఊరికే ఉంటారా? పెద్దల కన్నుగప్పి బావికాడికో, కాలువకాడికో పోతారు. ఈత రాని బిడ్డకు అది ప్రాణాపాయం. వద్దని కసిరితే చాలదు. బిడ్డ చేతికి పని ఇవ్వాలి.

దానికి పైసా ఖర్చు లేదు. నంద్యాల సీమలో జొన్న పండుతుంది. సొప్పవామిలోంచి బాగా ఎండిన లావుపాటి దంటు ఒకటి తీయండి. పైతొక్క పెద్దవాళ్ళే ఒలవాలి. దాని అంచు కత్తిలా కోస్తుంది. ఆ తొక్కను పుల్లలుగా చీల్చి, కొసలు మొండి చేసి ఇవ్వండి. లోపలిది మెత్తని బెండు.

ఇప్పుడు బండి కడదాం. కొసకాడి సన్నబెండును బెత్తెడు ముక్కలుగా రెండు కోయండి. వాటిని పక్కపక్కన పెట్టి పుల్లలు గుచ్చితే అదే తొట్టి. అడ్డంగా గుచ్చిన పుల్ల ఇరుసు. మొదలుకాడి లావుబెండును బిళ్ళలుగా కోస్తే చక్రాలు. చక్రాలు తొట్టికన్నా లావుగా ఉంటేనే బండి కదులుతుంది. ముందర పొడుగుపుల్ల గుచ్చితే నొగ.

చంటిబిడ్డలకు ఆ బిళ్ళలు అందనీయకండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

చక్రాలెన్ని? పుల్లలెన్ని? బిడ్డతో లెక్కపెట్టించండి. పలకమీద ‘బండి’ అని రాసి చూపండి. మీరు నేర్చిన అక్షరం మీ బిడ్డకు అందుతుంది.

బండి విరిగిందా? కోప్పడకండి. వామిలో ఇంకో దంటు ఉంది!