ఆన్‌లైన్ కొట్టు ఎవరి పేరు మీద ఉంది?

కొందరు పచ్చళ్లో, మంగళగిరి చీరలో ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుంటారు. వెబ్‌సైట్ చేయమని, ఎవరో చెప్పిన ముక్కూముఖం తెలియని ఫ్రీలాన్సర్‌కి సగం డబ్బు ముందే పంపేస్తారు. అతను మాయమైతే పోయేది ఆ సగమే. సైట్ చేసి ఇచ్చాక వచ్చే చిక్కులే పెద్దవి.

డొమైన్ పేరు అతని ఈమెయిల్ మీద రిజిస్టర్ అయి ఉంటుంది. ఏడాది తిరిగి రెన్యూవల్ వచ్చేసరికి ఫోన్ ఎత్తడు. గడువు పూర్తిగా దాటితే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. ఖర్చు మిగుల్చుకోవడానికి కొందరు ఫ్రీలాన్సర్లు వూకామర్స్ (ఆన్‌లైన్ కొట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్లలో పైరేటెడ్ ప్లగిన్లు పెడతారు. వాటిలో దొంగదారి ఉంటే కస్టమర్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు బయటికి పోతాయి. పేమెంట్ గేట్‌వే సీక్రెట్ కీని వాట్సాప్‌లో పంపేవాళ్లూ ఉన్నారు, బీరువా తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టు!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీ ఉద్యోగి కాని వ్యక్తి రాసిన కోడ్‌పై హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, సాధారణంగా రాసినవారిదే. మీరు డబ్బిచ్చినా సరే.

అందుకే పని అప్పగించే ముందు, ఆ ఫ్రీలాన్సర్ చేసిన పాత సైట్ల యజమానులకు ఫోన్ చేసి అడగండి. డొమైన్, హోస్టింగ్, గేట్‌వే ఖాతాలు మీ పేరుతో మీరే తెరవండి. పని జరిగిన కొద్దీ డబ్బివ్వండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.