సైటు పేరు సమాఖ్య పేరు మీదే ఉండాలి



మేము కొత్తవలసలో దుకాణాలకు, ట్యూషన్ సెంటర్లకు వెబ్‌సైట్లు చేసి ఇస్తున్నాం. ఆన్‌లైన్ పాఠాల సైట్లు మూడిల్ మీద కడతాం. అది 2002లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్, లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదు. మా కూలి కాక ఖర్చు రెండింటికే: సైటు పేరుకి, పాఠాలు దాచే సర్వర్‌కి. రెండూ ఇంటద్దె లాంటివే. గడువులోగా కట్టకపోతే సైటు ఆగిపోతాది, ఆ పేరు వేరేవాళ్లు కొనుక్కోవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. సైటు చేసినవాళ్లు పేరు తమ మీదే రిజిస్టర్ చేసుకుంటే, రేపు తేడా వచ్చినప్పుడు పాఠాలు, పిల్లల మార్కులు వాళ్ల చేతిలోనే ఉండిపోతాయి. అందుకే మేము మొదటిరోజే డబ్బు కట్టినవాళ్ల మెయిల్‌తోనే రిజిస్టర్ చేయిస్తాం. పాస్‌వర్డ్ వాళ్లకే ఇస్తాం. నెలనెలా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాం. "అన్నీ ఇచ్చేస్తే మళ్లీ మీ దగ్గరకెందుకు వస్తారు?" అని అడుగుతారు. వస్తున్నారు, ఇంకొకర్ని కూడా తెస్తున్నారు.

సమాఖ్యకు పాఠాల సైటు కావాలని ఈ ఏడు తీర్మానం పెడుతున్నాం. ఎవరు చేసినా సరే, బ్యాంకు ఖాతాకి ఉన్నట్టే దీనికీ మన పేరు, మన ఇద్దరు బాధ్యులు ఉండాలి. మాకేటి తెలుస్తాది అనుకోకండి. చెక్కు మీద సంతకం పెట్టడం కూడా ఒకప్పుడు మనకు కొత్తే.